దానం నడిచిన దారి – 9: పిడికిలి విప్పిన వీలునామా

అమెరికాలో ఒహాయో రాష్ట్రం, క్లీవ్‌లాండ్ నగరం. యూక్లిడ్ అవెన్యూ, తొమ్మిదో వీధి కలిసే మూల మీద ఒక పాత భవనం ఉంది. ముందు రాతి స్తంభాలు. లోపలికి వెళ్లి తలెత్తితే రంగుటద్దాల గుమ్మటం. ఆ గుమ్మటం కింద ఇప్పుడు టమాటాలు, రొట్టెలు, జున్ను అమ్ముతున్నారు. 2015 నుంచి అది సూపర్‌మార్కెట్. సరుకుల బుట్ట పట్టుకున్న వాళ్లు పైకి చూస్తే గోడల మీద పెద్ద పెద్ద వర్ణచిత్రాలు కనిపిస్తాయి. అవి ఫ్రాన్సిస్ మిల్లెట్ వేసినవి. ఆ చిత్రకారుడు 1912లో టైటానిక్ ఓడతో పాటే సముద్రంలో మునిగిపోయారు.

1908లో ఈ భవనం కట్టినప్పుడు ఇది క్లీవ్‌లాండ్ ట్రస్ట్ కంపెనీ అనే బ్యాంకు. 1914 జనవరి 2న ఆ బ్యాంకు డైరెక్టర్లు ఒక తీర్మానం ఆమోదించారు. దానితో క్లీవ్‌లాండ్ ఫౌండేషన్ పుట్టింది. ప్రపంచంలో మొదటి కమ్యూనిటీ ఫౌండేషన్ అదే. తెలుగులో దీనికి స్థిరపడిన మాట లేదు. ‘ఊరి ఉమ్మడి నిధి’ అంటే అర్థం దగ్గరగా వస్తుంది.

గత సంచికలో కార్నెగీ గ్రంథాలయాల కథ చెప్పుకున్నాం. అక్కడ డబ్బూ పేరూ దాతవే. ఈ వారం కథలో నిధికి ఊరి పేరు పెట్టారు. ఆ ఒక్క మార్పు వెనక ఎంత ఆలోచన ఉందో తెలియాలంటే ముందు ఒక బ్యాంకరు గురించి తెలియాలి.

ఫ్రెడరిక్ హారిస్ గాఫ్ 1858లో ఇల్లినాయ్ రాష్ట్రంలో పుట్టారు. మిషిగన్ విశ్వవిద్యాలయంలో చదివి క్లీవ్‌లాండ్‌లో ప్లీడరుగా పేరు తెచ్చుకున్నారు. రాక్‌ఫెల్లర్ వ్యాపారాల తరఫున కూడా పనిచేశారు. నగరం అంచున గ్లెన్‌విల్ అనే చిన్న ఊరుండేది. అక్కడి గుర్రప్పందేల మైదానం చుట్టూ జూదం బలిసిపోయింది. గాఫ్ ఆ ఊరికి మేయరై జూదాన్ని అణచడానికి పూనుకున్నారు. 1905లో గ్లెన్‌విల్ క్లీవ్‌లాండ్‌లో కలిసిపోయింది. ఈ ఊరి పేరు పాఠకులు గుర్తుంచుకోవాలి. మళ్లీ మనం అక్కడికి వెళ్లాలి.

1908లో గాఫ్ క్లీవ్‌లాండ్ ట్రస్ట్ బ్యాంకు అధ్యక్షుడయ్యారు. బ్యాంకు సొంత డైరెక్టర్లకూ అధికారులకూ అప్పులివ్వకూడదని నియమం పెట్టారు. ఆ రోజుల్లో అది సాహసమే. ట్రస్ట్ కంపెనీ అంటే డిపాజిట్లు తీసుకునే బ్యాంకు మాత్రమే కాదు. చనిపోయినవారి ఆస్తిని వీలునామా ప్రకారం కాపాడి, వారసులకో ధర్మకార్యాలకో అందించడం దాని అసలు పని. కాబట్టి ఊళ్లో డబ్బున్నవాళ్ల వీలునామాలన్నీ గాఫ్ బల్ల మీదికే వచ్చేవి. ఆయనకు దిగులు మొదలైంది కూడా అక్కడే.

మనిషి మంచి మనసుతోనే రాస్తాడు. ఫలానా పని కోసం, ఫలానా వాళ్ల కోసం, శాశ్వతంగా అని. లోకం మారిపోతుంది. ఆ పనీ ఉండదు, ఆ వాళ్లూ ఉండరు. డబ్బు మాత్రం బ్యాంకులో పెరుగుతూ ఉంటుంది. తీసి ఇంకో మంచి పనికి వాడదామంటే చట్టం ఒప్పుకోదు. రాసినవాడి మాటే శాసనం. రాసినవాడు సమాధిలో ఉన్నాడు.

సెయింట్ లూయిస్ నగరంలో బ్రయన్ ముల్లన్‌ఫీ అనే ఆయన ఉండేవారు. ఒకప్పుడు ఆ నగరానికి మేయరు కూడా. 1851లో చనిపోతూ తన ఆస్తిలో మూడో వంతు ఒక ధర్మానికి రాశారు. పశ్చిమాన కొత్త భూముల్లో స్థిరపడటానికి ఆ ఊరి మీదుగా పోయే బీద ప్రయాణికులకు సాయం చేయాలని. ఆయన కాలంలో అంతకన్నా అవసరమైన ధర్మం లేదు. గుడారపు బండ్లు కట్టుకుని, దారి ఖర్చులు అయిపోయి, రోగాలతో అక్కడి నది ఒడ్డున కూలబడిన కుటుంబాలను ఆయన కళ్లారా చూశారు. 1869కల్లా ఖండం ఈ కొస నుంచి ఆ కొసకు రైలు పడింది. బండ్లు ఆగిపోయాయి. నిధి మిగిలింది, తీసుకునేవాళ్లు కరువయ్యారు.

బెంజమిన్ ఫ్రాంక్లిన్ అంతటి మేధావికీ ఇదే జరిగింది. 1790లో ఆయన చనిపోయినప్పుడు బోస్టన్, ఫిలడెల్ఫియా నగరాలకు చెరో వెయ్యి పౌన్లు వదిలారు. పెళ్లై, పాతికేళ్లు దాటని, ఒక గురువు దగ్గర వృత్తి నేర్చుకున్న యువ పనివాళ్లకు 5 శాతం వడ్డీ మీద అప్పులివ్వాలి. ఇలా 200 ఏళ్లు నడవాలి. నూరేళ్లు తిరక్కుండానే ఫ్యాక్టరీలు వచ్చి గురుశిష్య వృత్తులు మాయమయ్యాయి. అలాంటి కుర్రాళ్ల కోసం వెతుక్కోవాల్సి వచ్చింది.

మనకూ ఇది కొత్తేం కాదు. మన దేవాలయ శాసనాల్లో అఖండ దీపానికి గొర్రెలనూ ఆవులనూ దానం ఇచ్చిన దాఖలాలు కోకొల్లలు. మంద తరగకుండా చూసుకుంటూ, వాటి పాల నుంచి వచ్చే నేతితో ఆచంద్రార్కం దీపం వెలగాలి. అసలు కదలకుండా ఫలసాయం మాత్రమే వాడుకోవడం అనే ఊహ ఆ శాసనాల్లో స్పష్టంగా ఉంది. ఇప్పుడు దానినే కార్పస్ నిధి అంటున్నాం. కాశీకీ రామేశ్వరానికీ కాలినడకన పోయే యాత్రికుల కోసం దారి పొడుగునా సత్రాలకు మాన్యాలు రాసినవాళ్లున్నారు. రైలొచ్చాక నడిచిపోయే యాత్రికుడు లేడు. ముల్లన్‌ఫీ గుడారపు బండ్లూ మన బాటసారి సత్రాలూ ఒకే శతాబ్దంలో, ఒకే రైలు దెబ్బకు పనిలేనివి అయ్యాయి.

ఈ బాధకు ఒక పుస్తకం పేరు పెట్టింది. ఇంగ్లండులో ధర్మనిధుల పర్యవేక్షణ కమిషనరుగా పనిచేసిన ఆర్థర్ హాబ్‌హౌస్ 1880లో తన ప్రసంగాలను ‘ది డెడ్ హ్యాండ్’ పేరుతో ప్రచురించారు. చనిపోయినవాడి చెయ్యి అని అర్థం. బతికున్నవాళ్ల సొమ్మును ఆ చెయ్యి వదలకుండా పట్టుకుని ఉందని ఆయన వాదం. ఈ హాబ్‌హౌస్ మనకు బొత్తిగా పరాయివాడు కాదు. 1872 నుంచి 1877 దాకా కలకత్తాలో వైస్రాయి కౌన్సిల్‌లో న్యాయ సభ్యుడు. ఆయన పుస్తకం పేరే తర్వాత గాఫ్ నోట పదే పదే వినిపించిన మాట అయింది.

గాఫ్ 1914లో డైరెక్టర్ల చేత ఆమోదింపజేసిన తీర్మానంలో గొప్పతనం దాని వివరాల్లో ఉంది. కాబట్టి అక్కడ కాస్త నిలబడదాం.

మొదటిది, నిధి ఒక్క దాతది కాదు. ఎవరైనా, ఎంతైనా, బతికుండగానో వీలునామా ద్వారానో అందులో కలపవచ్చు. కొండంత ఆస్తి ఉన్నవాడిదీ గోరంత పొదుపు చేసినవాడిదీ ఒకే చోట పెట్టుబడి అవుతాయి. చిన్న మొత్తానికి విడిగా ట్రస్టు పెడితే దాని ఖర్చులే దాన్ని మింగేస్తాయి. నలుగురితో కలిస్తే బతుకుతుంది.

రెండోది నాకు అన్నిటికన్నా ఇష్టమైనది. డబ్బును కాపాడే చెయ్యి వేరు, పంచే చెయ్యి వేరు. సొమ్ము బ్యాంకు దగ్గర ఉంటుంది. దాని మీద వచ్చే ఆదాయం ఎవరికివ్వాలో బ్యాంకు చెప్పదు. అయిదుగురు పౌరుల పంపిణీ సంఘం చెబుతుంది. ఆ అయిదుగురిలో ఇద్దరినే బ్యాంకు ఎంచుకోవాలి. ఒకరిని నగర మేయరు, ఒకరిని వీలునామాల కేసులు చూసే ప్రొబేట్ జడ్జి, మరొకరిని ఫెడరల్ జిల్లా జడ్జి నియమిస్తారు. అంటే ముగ్గురు బయటివాళ్లు. తన బ్యాంకు పెట్టిన నిధిలో తన బ్యాంకుకే మెజారిటీ లేకుండా చేసుకున్న అధ్యక్షుడు గాఫ్. సభ్యులు పురుషులైనా స్త్రీలైనా కావచ్చని రాశారు. అప్పటికి అమెరికా అంతటా స్త్రీలకు ఓటు హక్కు రావడానికి ఇంకా ఆరేళ్లుంది. ఒకే మతశాఖ వాళ్లు ఇద్దరికి మించకూడదు. రాజకీయ పదవిలో ఉన్నవాళ్లు, పదవి కోసం పోటీ పడేవాళ్లు పనికిరారు. ఊరి చదువు, ఆరోగ్యం, నీతి, పౌర అవసరాలు ఎరిగిన మనుషులు కావాలి.

మూడోది చనిపోయినవాడి చేతికి మందు. దాత తన కోరిక చెప్పవచ్చు. అంధుల బడికనో, ఆసుపత్రికనో రాయవచ్చు. నిధి ఆ కోరికను గౌరవిస్తుంది. కాలం మారి ఆ కోరిక తీర్చడం అసాధ్యమైనా, అనవసరమైనా, సంఘం ఆ డబ్బును ఆనాటి అవసరానికి మళ్లించవచ్చు. దానికి కోర్టుల చుట్టూ ఏళ్ల తరబడి తిరగక్కర్లేదు. దాత ముందే ఒప్పుకుని సంతకం పెట్టి ఉంటాడు. ఇంకా పుట్టని మనుషుల బుద్ధిని నమ్మి పెట్టిన సంతకం అది. మన తాతలు మనవలకు ఆస్తి ఇచ్చారు కానీ ఆ ఆస్తిని ఏం చేయాలో తేల్చుకునే హక్కు ఇచ్చినవాళ్లు అరుదు. గాఫ్ అడిగింది ఆ హక్కునే.

ఇంత చేశాక పెట్టె తెరిస్తే ఖాళీ. వీలునామా రాసినవాళ్లు బతికే ఉన్నారు మరి! వాళ్లు పోయాక గానీ డబ్బు రాదు. మొదటి ఏళ్లలో పంచడానికి ఏమీ లేదు. ఇంకొకరైతే పదేళ్లు ఊరుకునేవారు. గాఫ్ ఆ ఖాళీ సమయాన్ని ఊరిని చదవడానికి వాడారు. ముందు బీదలకు అందే సాయం ఎలా ఉందో అధ్యయనం. తర్వాత బడులు. లెనార్డ్ ఎయిర్స్ నాయకత్వంలో క్లీవ్‌లాండ్ బడుల సర్వే 25 సంపుటాలుగా వెలువడింది. పిల్లలు ఏ తరగతిలో ఆగిపోతున్నారు, టీచర్లకు శిక్షణ ఉందా, బడి మానినవాళ్లు ఏ పనుల్లోకి పోతున్నారు, ఇలా ఒక్కొక్క ప్రశ్నకు ఒక్కొక్క చిన్న పుస్తకం, కోటు జేబులో పట్టేటట్టు. నివేదికలను అల్మరాలో దాచలేదు. మధ్యాహ్న భోజన సమావేశాలు పెట్టి ఊరి ముందు చదివారు, పత్రికలకిచ్చారు.

1920లో క్లీవ్‌లాండ్ మున్సిపల్ కోర్టు ప్రధాన న్యాయమూర్తే ఒక హత్య కేసులో ముద్దాయి అయ్యాడు. హత్యానేరం నిలవలేదు గానీ అబద్ధపు సాక్ష్యం నేరం రుజువై జైలు శిక్ష పడింది. ఊరు సిగ్గుతో తలవంచుకుంది. ఫౌండేషన్ వెంటనే హార్వర్డ్ న్యాయ కళాశాల నుంచి రాస్కో పౌండ్‌నూ, తర్వాత సుప్రీంకోర్టు న్యాయమూర్తి అయిన ఫెలిక్స్ ఫ్రాంక్‌ఫర్టర్‌నూ పిలిపించి పోలీసులు, ప్రాసిక్యూటర్లు, కోర్టులు, జైళ్లు అన్నిటినీ పరీక్ష చేయించింది. 1922లో వచ్చిన ఆ గ్రంథం తర్వాత ఇతర నగరాల్లో జరిగిన నేర న్యాయ సర్వేలకు దారి చూపింది. ఒక ధర్మనిధి తన ఊరి జడ్జీల తప్పు ఎంచడమేమిటని ఆనాడు అడిగినవాళ్లుంటే ఆశ్చర్యం లేదు. నా మటుకు నాకు, ఆ నిధి మొదటి పదేళ్లలో ఊరికి ఇచ్చిన పెద్ద దానం ఆ నిజాలే.

ఈలోగా గాఫ్ ఆలోచన ఊళ్లు దాటింది. 1915 ఒక్క ఏడాదిలోనే షికాగో, బోస్టన్, మిల్వాకీ, మినియాపొలిస్, లాస్ ఏంజిలస్‌లలో ఇలాంటి నిధులు లేచాయి. 1921లో కెనడాలో విన్నిపెగ్ అందుకుంది. 1924లో న్యూయార్క్. 1923లో గాఫ్ కన్నుమూశారు. తాను నాటిన చెట్టు పండిన కాలం ఆయన చూడలేదు. ఆర్థిక మాంద్యం మాత్రం ఒక పాఠం చెప్పింది. 1933లో క్లీవ్‌లాండ్‌లోని రెండు పెద్ద ట్రస్ట్ బ్యాంకులు మూతపడ్డాయి. గాఫ్ బ్యాంకు నిలబడింది. అయినా ఊరందరి ధర్మాన్ని ఒక్క బ్యాంకు గొలుసుకు కట్టేయడం మంచిది కాదని చాలా చోట్ల గ్రహించి, ఒకటికి పది బ్యాంకుల దగ్గర నిధి ఉంచే పద్ధతి అలవాటైంది.

శాశ్వత నిధి అనే ఊహనే ఒప్పుకోనివాళ్లూ ఉన్నారు. షికాగో వ్యాపారి జూలియస్ రోజెన్‌వాల్డ్ 1929లో గట్టిగా రాశారు. ప్రతి తరం తన కష్టాలకు తానే డబ్బు తెచ్చుకుంటుంది, మన నిధిని మన కాలంలోనే ఖర్చు పెట్టేయాలి అని. తన నిధిని అలాగే ఖర్చుపెట్టించారు. 1948లో అది మూతపడింది. దక్షిణ రాష్ట్రాల పల్లెల్లో నల్లజాతి పిల్లల కోసం ఆయన డబ్బు తోడై వేలాది బడులు లేచాయి. ఆయన మాటలోనూ న్యాయముంది. గాఫ్ జవాబు మరోలా ఉంటుంది: డబ్బు శాశ్వతంగా ఉండనీ, దాని మీద ఆజ్ఞ మాత్రం శాశ్వతంగా ఉండకూడదు.

ఈ నిధి నుంచి ఒక చిన్న సేవాసంస్థకు డబ్బు ఎలా చేరుతుందో చూద్దాం. ఒక ఉదాహరణ ఊహించుకోండి. రిటైరైన సంగీతం టీచరమ్మ, పిల్లలు లేరు. చనిపోయేముందు తన ఇల్లు ఊరి నిధికి రాసింది. అమ్మితే రెండు లక్షల డాలర్లు వచ్చాయి. నిధి దాన్ని మిగతా సొమ్ముతో కలిపి పెట్టుబడి పెడుతుంది. ఏటా సుమారు 5 శాతం తీస్తే పది వేల డాలర్లు. అసలు కదలదు. ఆ పది వేలు ఒక ఏడాది చలికాలంలో ఇల్లు లేనివారి ఆశ్రయానికి పోవచ్చు. ముప్పై ఏళ్ల తర్వాత, పాత ఇళ్ల గోడల రంగుల్లోని సీసం వల్ల పసిపిల్లల మెదడు దెబ్బతింటోందని డాక్టర్లు చెబితే, అదే పది వేలు ఆ ఇళ్లను బాగుచేసే సంస్థకు పోతాయి. క్లీవ్‌లాండ్‌లో ఆ సీసం బాధ నిజంగానే ఉంది. పాపం టీచరమ్మ ఆ సంగతి ఎరిగి ఉండదు. అయినా ఆమె ఇల్లు ఆ పిల్లలకు అక్కరకొచ్చింది.

ఇందులో నిధి సిబ్బంది పని పైకి కనిపించదు. అర్జీలు చదువుతారు, లెక్కలు చూస్తారు, స్వయంగా వెళ్లి చూస్తారు. కొత్త పథకం మొదలుపెడతామంటే డబ్బిచ్చే దాతలు దొరుకుతారు. కారుతున్న పైకప్పుకు, గుమాస్తా జీతానికి, ఆడిటరు ఫీజుకు ఇచ్చేవాళ్లు దొరకరు. మన దగ్గర అనాథాశ్రమమో వృద్ధాశ్రమమో నడిపిన వారెవరినైనా అడగండి, ఈ మాటే చెబుతారు. పండగకి బియ్యం బస్తాలు తెచ్చేవాళ్లుంటారు, కరెంటు బిల్లు కట్టేవాళ్లుండరు. ఊరి మధ్యలో ఉండే నిధికి ఆ కరెంటు బిల్లు సంగతి తెలుస్తుంది. దూరాన ఉన్న పెద్ద ఫౌండేషన్‌కు తెలియదు.

మచ్చలూ చెప్పాలి. 1931లో న్యూయార్క్ నిధి ఒక కొత్త పద్ధతి తెచ్చింది. దాత డబ్బు ఇచ్చి, పన్ను మినహాయింపు పొంది, బతికున్నంతకాలం దాన్ని ఎవరికివ్వాలో సలహా చెబుతూ ఉండవచ్చు. దాతలకు ఇది బాగా నచ్చింది, నిధులు ఉబ్బాయి. అయితే అలాంటి ఖాతా నుంచి ఏటా ఇంత పంచి తీరాలని అమెరికా చట్టం ఇప్పటికీ అడగదు. డబ్బు ధర్మం పేరుతో ఏళ్ల తరబడి నిద్రపోవచ్చు. గాఫ్ చనిపోయినవాడి చెయ్యి విడిపించారు. ఇక్కడ బతికున్నవాడి చెయ్యే పట్టు బిగించింది. దీన్ని సరిదిద్దాలని నేను బలంగా నమ్ముతాను.

రెండో మచ్చ ఇంకా లోతైనది. ఊరి తరఫున కూర్చున్నవాళ్లు ఊరిలో ఎవరు? దశాబ్దాల పాటు ఇలాంటి సంఘాల్లో కూర్చున్నది ఎక్కువగా ఊరి పెద్దింటి తెల్లవాళ్లే. 1966 జూలైలో క్లీవ్‌లాండ్ హఫ్ పేటలో నల్లజాతి జనం ఆగ్రహం మంటలై లేచింది. 1968 జూలైలో పోలీసులకూ సాయుధ నల్లజాతి యువకులకూ కాల్పులు జరిగి మనుషులు చనిపోయారు. రెండోది జరిగింది గ్లెన్‌విల్‌లో. అంతకు అరవై ఏళ్లకు పైగా ముందు గాఫ్ మేయరుగా ఉన్న గ్లెన్‌విల్‌లోనే.

అదే గ్లెన్‌విల్‌లో 2009లో ఒక లాండ్రీ తెరిచారు. ఎవర్‌గ్రీన్ సహకార లాండ్రీ. ఆ దరిదాపుల్లో పెద్ద ఆసుపత్రులున్నాయి, వాటికి రోజూ బండ్ల కొద్దీ దుప్పట్లు ఉతకాలి. ఆ పని ఎక్కడికో ఎందుకు పోవాలి, ఉతికేవాళ్లే యజమానులెందుకు కాకూడదు అని క్లీవ్‌లాండ్ ఫౌండేషన్ మరికొందరితో కలిసి దాన్ని నిలబెట్టింది. వేడి ఆవిరి మధ్య దుప్పట్లు మడతపెట్టే మనిషి ఏడాది చివర లాభంలో వాటా తీసుకుంటాడు. ఎన్నో ఏళ్ల కిందట ఎవరో రాసిన వీలునామాల సొమ్ము అక్కడ పనిచేస్తోంది. రాసినవాళ్లకు ఈ లాండ్రీ కలలో కూడా వచ్చి ఉండదు. 2023లో ఫౌండేషన్ తన కార్యాలయాన్ని కూడా నగరం నడిబొడ్డు నుంచి హఫ్ పేట పక్కకు మార్చుకుంది.

మన దేశంలో ఈ మాదిరి నిధి మొదట బొంబాయిలో మొలిచింది. తెలుగునాట పూర్వ విద్యార్థులు కలిసి తమ బడికి నిధి పెట్టడం, విదేశాల్లో ఉన్నవాళ్లు సొంత ఊరి ఆసుపత్రికి పంపడం బాగా సాగుతోంది. దాదాపు అన్నీ ఒక్క పనికి, ఒక్క పేరుకు కట్టినవే. రేపు ఆ బడి మూతపడితే ఆ డబ్బు ఎటు పోవాలో చాలా పత్రాల్లో రాసి ఉండదు. అప్పుడు మిగిలేది సివిల్ ప్రొసీజర్ కోడ్ 92వ సెక్షన్ కింద కోర్టు తలుపు తట్టడమే. అమ్మానాన్నల పేర స్కాలర్‌షిప్ పెట్టేవారు దయచేసి ఆ కాగితంలో ఒక్క వాక్యం కలపండి. ఈ పని అవసరం తీరిన రోజున ఊరివాళ్లు కూర్చుని అప్పటికి అవసరమైన మరో మంచి పనికి దీన్ని వాడవచ్చు అని.

అంత డబ్బు మాకెక్కడిది అంటారేమో. విన్నిపెగ్ సంగతి చెబుతాను. అక్కడి నిధిని 1921లో విలియం ఆలొవే అనే బ్యాంకరు లక్ష డాలర్లతో మొదలుపెట్టారు. 1870లో మామూలు సైనికుడిగా ఆ ఊళ్లో అడుగుపెట్టి సంపన్నుడైనవారు. తనకున్నదంతా ఆ ఊరు పెట్టిందేనని చెప్పుకున్నారు. తర్వాతి విరాళం 1924లో వచ్చింది. ఒక కవరు, అందులో అయిదు డాలర్ల బంగారు నాణేలు మూడు. కవరు మీద ‘విధవరాలి కానుక’ అని అర్థమొచ్చే మాటలు. బైబిలులో తనకున్న రెండు కాసులూ గుడి హుండీలో వేసిన పేద విధవరాలి కథ ఉంది, ఆ మాటలు అందులోవి. పంపినావిడ తన పేరు రాయలేదు. ఆ పదిహేను డాలర్లు ఆలొవే లక్షతో కలిపే పెట్టుబడి పెట్టారు. ఆవిడ ఎవరో ఈనాటికీ తెలియదు.

(సశేషం)